సముద్ర ప్రవాహాలు – మన ఊరి వానలు

ప్రతి సంవత్సరం చైత్ర వైశాఖాలలో, ఎండలు ముదిరి చెరువులు అడుగంటుతున్న దినాలలో, భారత వాతావరణ శాఖ రానున్న వానకాలాన్ని గూర్చి తన అంచనాను ప్రకటిస్తుంది. మరునాటి పత్రికల మొదటి పుటలో ‘ఎల్ నినో’ అనే విదేశ పదం తరచుగా ప్రత్యక్షమవుతుంది. ఎక్కడో పసిఫిక్ మహాసముద్రం వేడెక్కుతున్నదట; అందువలన మన దేశంలో వానలు తగ్గవచ్చునట. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ముస్తాబాదులోను, దాని చుట్టుప్రక్కల పల్లెలలోను ఈ వార్తను చదివినవారు సాధారణంగా రెండు తెగలుగా చీలిపోతారు. “ఇక ఈ ఏడు కాలం కాదు” అని మొదటి తెగవారు నిస్పృహ చెందుతారు. “ఎక్కడి సముద్రం, ఎక్కడి మన చెరువు? ఇదంతా పట్నంవాళ్ల మాట” అని రెండవ తెగవారు త్రోసిపుచ్చుతారు.

ఈ రెండు వైఖరులూ నష్టదాయకమైనవే. మొదటివాడు విత్తవలసిన వేళ వెనుకాడి అదను పోగొట్టుకొంటాడు. రెండవవాడు మిరుగపు తొలిజల్లు పడగానే దుక్కిలో పత్తిగింజ పెడతాడు. వాన వెనుదీసి మొలక మాడిపోగా మరల విత్తనాలకు అప్పు చేస్తాడు. నీటికై ఇంకొక బోరు వేయించి ఆ అప్పును రెట్టింపు చేసికొంటాడు. మన మెట్ట ప్రాంతపు వ్యవసాయ కుటుంబాలు చితికిపోవడానికి గల కారణాలలో ఈ అదను తప్పడం ఒకటి. కనుక సముద్రపు వార్తను సరిగా చదువుకొనడం మనకు కాలక్షేపపు విజ్ఞానం మాత్రమే కాదు, బ్రతుకుతెరువుకు సంబంధించిన విషయం. ముస్తాబాదు నుండి బంగాళాఖాతపు తీరం 300 కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్నది. ఐనప్పటికీ ఆ సముద్రపు నడకకూ మన చెరువు నిండడానికీ గల సంబంధం ఎట్టిదో ఉపాధ్యాయులూ విద్యార్థులూ తెలిసికొనవలసి ఉన్నది.

సముద్రం ఎట్లు నడుస్తుంది?

సముద్రాన్ని ఒడ్డున నిలిచి చూచినవారికి అలలు, ఆటుపోట్లు మాత్రమే కనిపిస్తవి. అల వచ్చి విరిగి వెనుకకు పోతుంది. పోటు వచ్చిన నీరు పాటుకు తిరిగి పోతుంది. వీటికంటె గంభీరమైన మరొక చలనం సముద్రంలో ఉన్నది. అది ప్రవాహం. భూమిపై గోదావరి ఎట్లు ఒక దిక్కుకు సాగిపోతుందో, సముద్రంలోను అట్లే నీటి పాయలు వందల, వేల కిలోమీటర్లు సాగిపోతవి. వాటికి గట్లు లేవు. చుట్టూ ఉన్న నీరే వాటికి గట్టు.

ఈ నడకకు ముఖ్యంగా మూడు కారణాలు చెప్పవచ్చును. మొదటిది గాలి. నెలల తరబడి ఒకే దిక్కున వీచే గాలి సముద్రపు పైనీటిని తనతోపాటు నెట్టుకొని పోతుంది. రెండవది నీటి బరువులోని భేదం. చల్లని నీరు వెచ్చని నీటికంటె బరువు. ఉప్పునీరు మంచినీటికంటె బరువు. బరువైన నీరు అడుగుకు దిగుతుంది, తేలిక నీరు పైన పరచుకొంటుంది. ఈ దిగుడు వలన మహాసముద్రాల అడుగున కూడా మందగతితో ఒక ప్రవాహం సాగుతూనే ఉంటుంది. మూడవది భూభ్రమణం. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నందున, భూమధ్యరేఖకు ఉత్తరాన కదిలే నీరు తన కుడివైపునకు, దక్షిణాన కదిలే నీరు ఎడమవైపునకు ఒరిగిపోతుంది. ఈ మూడవ కారణం విద్యార్థులకు కొంత వింతగా తోచవచ్చును; కాని చేపల సంగతి తెలియడానికి ఇదే ఆధారమని కొంత తడవులోనే గ్రహిస్తారు.

ప్రవాహం మోసుకొనిపోయేది నీటిని మాత్రమే కాదు. అది వేడిమిని మోస్తుంది, ఉప్పును మోస్తుంది, జీవుల ఆహారాన్ని మోస్తుంది. సముద్రంలో అగ్ని ఉన్నదని, దానిని బడబాగ్ని అంటారని మన పెద్దలు భావించారు. ఆ భావన పౌరాణికమైనదే గాని, సూర్యుని వేడిమిలో అధికభాగాన్ని సముద్రం తన కడుపులో దాచుకొంటుందన్న మాట నేటి శాస్త్రం కూడా అంగీకరించినది. ఆ వేడిమి ఏ సంవత్సరం ఏ తావున చేరుతుందో, ఆ తావున గాలి పైకి లేస్తుంది, మేఘం కడుతుంది, వాన కురుస్తుంది. వేడిమిని చోటు మార్చేది ప్రవాహం గనుక, వాన చోటు మారడంలో ప్రవాహానికి పెద్ద పాత్ర ఉన్నది.

హిందూ మహాసముద్రపు ప్రత్యేకత

పసిఫిక్, అట్లాంటిక్ సముద్రాలలోని మహాప్రవాహాలు ఏడాది పొడుగునా దాదాపు ఒకే దిక్కుకు సాగుతవి. హిందూ మహాసముద్రపు ఉత్తర భాగం అట్లు కాదు. ఇక్కడ ఋతువుతో గాలి దిక్కు మారుతుంది. గాలితో ప్రవాహపు దిక్కు కూడా మారుతుంది. వానకాలంలో నైరృతి నుండి వీచిన గాలి చలికాలంలో ఈశాన్యం నుండి వీస్తుంది. ఆఫ్రికా తూర్పు తీరాన సోమాలీ ప్రవాహం వానకాలంలో ఉత్తరానికి పరుగెత్తుతుంది. వేగం ముదిరిననాడు గంటకు 12 కిలోమీటర్ల వరకు పోతుంది. చలికాలం వచ్చేసరికి అదే ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. ‘మాన్‌సూన్’ అనే మాటకు మూలమైన అరబ్బీ పదానికి ఋతువు అనియే అర్థం. అరబ్బు నావికులు ఈ తిరుగుడును గుర్తించి, ఒక గాలితో వచ్చి మరొక గాలితో మరలిపోయేవారు.

సముద్రానికి దూరాన ఉన్న తెలంగాణపు ప్రభువులకు కూడా ఈ సంగతి పట్టినదే. ఓరుగల్లు ఏలిన కాకతి గణపతిదేవుడు 1244లో తీరాంధ్రలోని మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. తుపానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసికొనేవారు. తాను అట్లు చేయనని, నిర్ణీతమైన సుంకం మాత్రమే తీసికొంటానని ఆయన సముద్ర వర్తకులకు మాట ఇచ్చాడు. చెరువులు త్రవ్వించిన రాజవంశానికి కడలి గాలుల సంగతి కూడా పాలనా విషయమే అయినదని దీనివలన తెలుస్తున్నది.

తూర్పు తీరం – చేపల సంగతి

మన తూర్పు తీరం వెంబడి ఉన్న ప్రవాహం కూడా ఏడాదికి రెండు ముఖాలు కలది. మాఘ ఫాల్గుణాల నుండి వేసవి వరకు అది తమిళ తీరం నుండి ఉత్తరంగా ఒడిశా వైపునకు సాగుతుంది. ఆశ్వయుజ కార్తికాల నాటికి తిరుగుముఖం పట్టి దక్షిణానికి ప్రవహిస్తుంది.

ఈ తీరపు నీటిని శాస్త్రీయంగా పరిశీలించిన తొలి ప్రయత్నాలలో ఒకటి వాల్తేరులో జరిగినదని తెలుగువారు గుర్తుంచుకొనవలె. 1952లో ఇ.సి. లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, అక్కడి అధ్యాపకులతో, విద్యార్థులతో కలిసి బంగాళాఖాతంలో కొలతలు తీయించాడు. వేసవిలో గాలి నైరృతి నుండి తీరం వెంట వీచునప్పుడు, పైన చెప్పిన భూభ్రమణ న్యాయాన్ని అనుసరించి, పైనీరు కుడివైపునకు, అనగా తీరం నుండి లోసముద్రానికి తొలగిపోతుంది. తొలగిన తావును పూరించడానికి అడుగు నీరు పైకి ఉబికి వస్తుంది. శరదృతువు తరువాత గాలి తిరిగినప్పుడు దీనికి విరుద్ధంగా పైనీరు తీరానికి చేరి అడుగుకు దిగుతుంది. ఈ రెండు క్రియలనూ ఆనాటి పరిశీలకులు మన తీరాన గుర్తించారు.

అడుగు నీరు పైకి వస్తే నేమి లాభమని ప్రశ్న రావచ్చును. పొలంలో పైమట్టి సారం పోయినప్పుడు చెరువు మట్టి తోలుతాము గదా; ఇదీ అటువంటిదే. సముద్రంలో చచ్చిన జీవుల అవశేషాలు అడుగుకు దిగి అక్కడి నీటిని సారవంతం చేస్తవి. ఆ నీరు ఎండ తగిలే పైభాగానికి వచ్చినప్పుడు, కంటికి ఆనని ప్లవకాలనే సూక్ష్మ జీవులు లెక్కకు మిక్కిలిగా పెరుగుతవి. వాటిని తిని కవళ్ళ వంటి చిన్న చేపలు, వాటిని తిని పెద్ద చేపలు బ్రతుకుతవి. కనుక ప్రవాహం ఏ తావున అడుగు నీటిని పైకి తెస్తుందో ఆ తావే జాలరులకు పంటపొలం.

ఈ పొలం ఎక్కడ ఉన్నదో చెప్పే పని నేడు హైదరాబాదులో జరుగుతున్నది. 1999లో స్థాపితమైన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, సంక్షిప్తంగా ‘ఇన్‌కాయిస్’, ఉపగ్రహాలు పంపే నీటి వేడిమినీ, నీటి పచ్చదనాన్నీ పరిశీలించి, చేపలు గుమికూడే అవకాశం గల తావులను మత్స్యకారులకు తెలియజేస్తుంది. చమురు వృథా కాకుండా పడవ నేరుగా ఆ తావునకు పోవడం దాని ఉద్దేశం. సునామీ హెచ్చరికలు కూడా 2007 నుండి ఈ కేంద్రమే ఇస్తున్నది. సముద్రం లేని నగరంలో సముద్ర కార్యాలయం ఉండడం కొందరికి వింతగా తోచవచ్చును. కాని ఆ కార్యాలయంలో పనిచేసేవారికి కావలసినది ఒడ్డు కాదు, వార్త. మహాసముద్రాలన్నింటిలో వేలకొలది తేలు యంత్రాలు 2000 మీటర్ల లోతు వరకు మునిగి, సుమారు పది దినాలకు ఒకసారి పైకి తేలి, నీటి వేడిమినీ ఉప్పదనాన్నీ ఉపగ్రహాలకు అందజేస్తున్నవి. వాటి పేరు ఆర్గో. హిందూ మహాసముద్రపు ఆర్గో సమాచారం ఈ కేంద్రానికి చేరుతున్నది.

మానేటి నీరు సముద్రంలో ఏమవుతుంది?

ఇప్పుడు మన ఊరి సంగతికి వత్తాము. ముస్తాబాదు ప్రాంతపు చెరువులు నిండి మత్తడి దూకితే ఆ నీరు వాగుల ద్వారా మానేటిని చేరుతుంది. మానేరు సిరిసిల్ల మీదుగా, కరీంనగరం ప్రక్కగా ప్రవహించి మంథని చేరువలో గోదావరిలో కలుస్తుంది. గోదావరి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ వరదనీటి వాసన పట్టియే పులస చేప సముద్రం నుండి గోదావరిలోనికి ఎదురెక్కుతుంది. ఇంతవరకు పాఠ్యపుస్తకాలు చెబుతున్నవి. తరువాతి కథ మాత్రం చాలమందికి తెలియదు.

గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ – ఇన్ని నదులు మంచినీటిని తెచ్చి పోయగా, పైనుండి వాన కూడా కురియగా, బంగాళాఖాతపు పైపొర ఇతర సముద్రాలంత ఉప్పగా ఉండదు. తేలికైన ఈ నీరు మూకుడువలె పైన పరచుకొని, అడుగున ఉన్న చల్లని ఉప్పునీటితో త్వరగా కలియదు. దీనివలన రెండు ఫలితాలు కలుగుతవి. మొదటిది, అడుగు సారం పైకి రావడం కష్టమై, బంగాళాఖాతంలో అరేబియా సముద్రమంతటి మత్స్యసంపద పెరగదు. రెండవది మనకు ముఖ్యమైనది. సోమాలీ తీరాన చల్లని అడుగు నీరు ఉబికి వచ్చి వానకాలంలో పడమటి అరేబియా సముద్రాన్ని చల్లబరుస్తుంది. బంగాళాఖాతపు పైనీరు మాత్రం వానకాలంలో కూడా సుమారు 28 డిగ్రీలకు తగ్గకుండా వెచ్చగానే ఉంటుంది. వాయుగుండాలు, అల్పపీడనాలు పుట్టడానికి ఆ వెచ్చదనం కావలె. అందువలన వానకాలంలో ఒకదాని వెంట ఒకటిగా అల్పపీడనాలు బంగాళాఖాతపు ఉత్తర భాగంలో పుట్టి, పడమటి వాయవ్యంగా నడిచి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ దాటి మన వైపు వానలు తెస్తవి. అనగా మన నదులు సముద్రానికి ఇచ్చిన మంచినీరు, మనకు వానలనిచ్చే వెచ్చదనాన్ని నిలిపి ఉంచడంలో తోడ్పడుతున్నదన్నమాట.

దీనికి దృష్టాంతం వెదకడానికి దూరం పోనక్కరలేదు. 2025 ఆగస్టు చివరి వారంలో, మఖ కార్తెలో, ఒడిశా తీరం చెంత వాయవ్య బంగాళాఖాతంలో ఒక అల్పపీడనం ఏర్పడినది. దాని ప్రభావాన కామారెడ్డి, మెదకు, సిరిసిల్ల జిల్లాలలో కుండపోతగా వానలు కురిసినవి. ముస్తాబాదుకు పొరుగున గంభీరావుపేట మండలంలో నర్మాల వద్ద ఉన్న ఎగువ మానేరు ఉప్పొంగి, ప్రవాహంలో చిక్కుకొన్న రైతులను హెలికాప్టరుతో రక్షింపవలసి వచ్చినది. రెండు నెలలు గడిచీ గడవకమునుపే, అక్టోబరు 28 రాత్రి ‘మొంథా’ తుపాను నరసాపురం చేరువలో తీరం దాటి, మరునాడు ఓరుగల్లు, హన్మకొండ ప్రాంతాలను ముంచెత్తినది. కోసి కల్లాలలో ఆరబోసిన వడ్లు తడిసిపోయినవి. విచ్చిన పత్తి నల్లబడినది. వందల కిలోమీటర్ల ఆవల నీటి పొరలలో దాగిన వేడిమి ఇక్కడి రైతు ఇంటి లెక్కను తారుమారు చేసినదని చెప్పడంలో అతిశయోక్తి లేదు.

ఆ మంచినీటి పొర చివరకు ఏ దారి పడుతుందనే ప్రశ్నకు సమాధానం ఇటీవలి కాలంలోనే స్పష్టపడినది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారు తూర్పు తీరపు జాలరులకు సీసాలిచ్చి, నియమిత దినాలలో సముద్రపు నీటిని పట్టి ఉంచవలసినదిగా కోరారు. ఆ సీసాలలోని నీటి ఉప్పదనాన్ని ఏళ్ల తరబడి కొలువగా, వానకాలం ముగిసిన తరువాత సుమారు 100 కిలోమీటర్ల వెడల్పున ఒక మంచినీటి పాయ తీరం వెంట దక్షిణానికి సాగిపోతున్నట్లు తేలినది. 2014లో ఈ ఫలితాన్ని ప్రకటించిన పండితులు దానికి ‘సముద్రంలో నది’ అని పేరు పెట్టారు. మన మత్తడి దూకిన నీటిలో కొంత ఆ నదిలో కలిసి కన్యాకుమారి దిక్కుకు పోతుందని అనుకొనవచ్చును. ఈ సంగతిని కనుగొనడంలో పెద్ద ఓడలు, యంత్రాలు చేయలేని పనిని తీరపు జాలరుల సీసాలు చేసినవని గుర్తింపవలె.

ఎల్ నినో అంటే ఏమి?

బంగాళాఖాతం మన వానకు దగ్గరి కారణం. దూరపు కారణం పసిఫిక్ మహాసముద్రంలో ఉన్నది. దక్షిణ అమెరికాలోని పెరూ తీరాన చల్లని నీరు అడుగు నుండి ఉబికి వస్తుంది. అక్కడి గాలులు పైనీటిని పడమటికి నెట్టుతూ, వెచ్చని నీటిని ఇండోనేషియా వైపు కుప్పవోస్తవి. కొన్ని ఏండ్లకు ఒకసారి ఆ గాలులు సన్నగిల్లుతవి. అప్పుడు కుప్పవోసిన వెచ్చని నీరు తూర్పునకు మరలుతుంది, పెరూ తీరం వేడెక్కుతుంది, చేపలు కరువవుతవి. ఇది క్రిస్మసు దినాలలో కనిపించడం వలన అక్కడి జాలరులు దీనిని ‘బాలుడు’ అనే అర్థంలో ఎల్ నినో అన్నారు. బాల యేసును ఉద్దేశించిన పేరది. దీనికి విరుద్ధమైన స్థితికి ‘బాలిక’ అనే అర్థంలో లా నినా అని పేరు.

వెచ్చని నీరు చోటు మారగానే దాని మీద పైకి లేచే గాలి కూడా చోటు మారుతుంది. ఒకచోట లేచిన గాలి మరొకచోట దిగక తప్పదు. అట్లు దిగే గాలి మన దేశం మీద పడినప్పుడు మేఘం ఎదగదు. 1972లో ఈ సంబంధం రెండు ఖండాలలోను ఒక్కసారిగా కనబడినది. పెరూలో ఆంచోవీ అనే చిన్న చేపల పరిశ్రమ కూలిపోయినది. అదే సంవత్సరం భారతదేశంలో నైరృతి వానలు సగటులో 76 శాతం మాత్రమే కురిసి కరువు ఏర్పడినది.

ఈ సంబంధాన్ని వెదకడానికి పురికొల్పినవి కూడా మన కరువులే. 1876–78లో, ధాత నామ సంవత్సరంతో మొదలైన క్షామంలో మద్రాసు, బొంబాయి రాజధానులలోను, హైదరాబాదు, మైసూరు సంస్థానాలలోను లక్షలాది జనం మరణించారు. ఆ కాలంలో పసిఫిక్‌లో తీవ్రమైన ఎల్ నినో ఉండినదని నేటి పరిశోధకులు నిర్ణయించారు. ఐతే ఒక విషయం స్పష్టంగా చెప్పుకొనవలె. వాన తగ్గడానికి సముద్రం కారణం కావచ్చును. జనం చావడానికి సముద్రం ఒక్కటే కారణం కాదు. ఆ క్షామ దినాలలో కూడా ఆంగ్ల ప్రభుత్వం ధాన్యం ఎగుమతులను ఆపలేదు. వానలేమికీ కరువుకూ మధ్య పాలకుల చేత అనేదొకటి ఎప్పుడూ ఉంటుంది.

1904 నుండి 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్ గణిత పండితుడు. మన వానలను ముందుగా తెలిసికొనే ఉపాయం వెదకుతూ ఆయన ప్రపంచపు నలుమూలల లెక్కలను సరిపోల్చాడు. పసిఫిక్ మీద వాయుపీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రం మీద తగ్గడం, అక్కడ తగ్గినప్పుడు ఇక్కడ పెరగడం త్రాసు చిప్పలవలె జరుగుతున్నదని కనుగొన్నాడు. ఆ త్రాసుకూ పెరూ జాలరుల ఎల్ నినోకూ గల పొత్తును 1969లో జేకబ్ బ్యెర్క్‌నెస్ వివరించాడు.

అంచనాను ఎట్లు చదువవలె?

ఎల్ నినో వచ్చినదంటే కరువు తప్పదా? గడచిన సంవత్సరాలను పరిశీలిస్తే అట్లు లేదు. 1997లో ఆ శతాబ్దిలోనే మిక్కిలి బలమైన ఎల్ నినోలలో ఒకటి ఏర్పడినది. లోకమంతా భయపడినది. కాని ఆ ఏడు మన దేశంలో వానలు సగటుకు మించి 102 శాతం కురిసినవి. 2002లో అంతటి బలం లేని ఎల్ నినోయే వచ్చినది. వానలు 81 శాతానికి పడిపోయినవి. జూలై నెలలో రావలసిన వానలో దాదాపు సగమే వచ్చినది. ఆ సంవత్సరం వాతావరణ శాఖ ముందుగా చెప్పిన అంచనా 101 శాతం. 2009లో 96 శాతమని చెప్పగా 78 శాతమే కురిసినది.

1997 నాటి చిక్కును విప్పడానికి తోడ్పడిన పరిశోధన 1999లో వెలువడినది. ఎన్.హెచ్. సాజి, బి.ఎన్. గోస్వామి, పి.ఎన్. వినయచంద్రన్ మొదలైన భారతీయులు, జపాను పండితుడు యమగాట కలిసి, హిందూ మహాసముద్రంలో కూడా ఒక త్రాసు ఉన్నదని చూపించారు. కొన్ని ఏండ్లలో ఆఫ్రికా వైపు నీరు వెచ్చబడి, సుమత్రా వైపు నీరు చల్లబడుతుంది. దీనికి హిందూ మహాసముద్రపు ద్విధ్రువ స్థితి అని పేరు. ఈ స్థితి మన వానలకు సాధారణంగా అనుకూలిస్తుంది. 1997లో ఎల్ నినో ఒక చిప్పను క్రిందికి లాగగా, ఈ ద్విధ్రువం మరొక చిప్పను నిలబెట్టినదని పలువురు భావిస్తున్నారు. కనుక పత్రికలో ఎల్ నినో మాట కనబడగానే, హిందూ మహాసముద్రం స్థితి ఎట్లున్నదని రెండవ ప్రశ్న వేయడం అలవరచుకొనవలె.

మూడవ ప్రశ్న కూడా ఉన్నది. వాతావరణ శాఖ చెప్పే శాతం దేశమంతటి సగటు. జూన్ నుండి సెప్టెంబరు వరకు దేశం మీద సగటున కురిసేది 87 సెంటీమీటర్లు. అందులో 96 నుండి 104 శాతం వరకు కురిస్తే ‘సాధారణం’ అంటారు. దేశానికి సాధారణమైనది మండలానికి సాధారణం కానక్కరలేదు. 2023 ఇందుకు చక్కని నిదర్శనం. అది ఎల్ నినో సంవత్సరం. దేశంలో 94 శాతం కురిసినది. ఆగస్టు నెల దేశం మొత్తానికి 1901 నుండి ఎన్నడూ లేనంత పొడిగా గడిచినది. “మఖ పుబ్బలు వరపైతే మహత్తరమైన క్షామం” అనే సామెత ఆ నెలలో పలువురికి గుర్తుకు వచ్చి ఉండును. కాని అంతకు ముందటి జూలైలోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినంలో 64 సెంటీమీటర్లకు పైగా వాన కురిసి, భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి నీట మునిగినది. తెలంగాణకు ఆ వానకాలం మొత్తం మీద సాధారణానికి మించిన వర్షాన్నే ఇచ్చినది. ఎల్ నినో అని విని విత్తనం మానుకొన్నవాడు, మొత్తం సరిపోయినదని విని ఆగస్టు వరపును మరచినవాడు ఇద్దరూ నష్టపోయేవారే.

ఇట్లనడం వలన అంచనాలు నిష్ప్రయోజనమని నా అభిప్రాయం కాదు. 2002 నాటి అనుభవం తరువాత లెక్కవేసే పద్ధతులు మారినవి. 2012లో ప్రారంభమైన మాన్‌సూన్ మిషన్ ద్వారా సముద్రాన్నీ వాయుమండలాన్నీ కలిపి గణించే విధానం అభివృద్ధి చెందినది. కాని సముద్రం కూడా మునుపటి సముద్రం కాదు. 1951 నుండి 2015 వరకు గల కాలంలో ఉష్ణమండలపు హిందూ మహాసముద్రపు పైనీరు సగటున ఒక డిగ్రీ వేడెక్కినదని భారత ప్రభుత్వ భూవిజ్ఞాన శాఖ వారి నివేదిక 2020లో తెలిపినది. ఒక డిగ్రీ మనకు లెక్కలోనిది కాకపోవచ్చును. అంత విశాలమైన నీటికి అది అపారమైన వేడిమి. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోస్తుంది. అందువలన వాన పడని దినాలు పెరగడం, పడిన దినం విపరీతంగా పడడం రెండూ సంభవిస్తున్నవి. “ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తవి” అన్న మన పెద్దల మాట అబద్ధమని అనరాదు. వారు చూచిన సముద్రం వేరు, మనం చూస్తున్నది వేరు.

బడి చేయవలసిన పని

ఈ స్థితిలో ప్రభుత్వం చేయవలసినది కొంత ఉన్నది. జాలరికి చేప దొరికే తావును అతని భాషలో, అతని రేవుకు తెలుపగలిగినప్పుడు, మెట్ట రైతుకు కార్తెలవారీగా, మండలంవారీగా వానసూచనను తేట తెలుగులో తెలుపడం అసాధ్యం కాకూడదు. ‘సాధారణం’, ‘సగటు’, ‘సంభావ్యత’ అనే మాటలకు అర్థం చెప్పకుండా అంకెలు మాత్రం ప్రకటిస్తే, అవి రైతు చెవికి జోస్యంగానే వినబడతవి. జోస్యం ఫలిస్తే మెచ్చుకొని, తప్పితే తిట్టి ఊరకుంటాము. అంచనా అట్టిది కాదు. పదింట ఏడుసార్లు జరుగవచ్చునని చెప్పిన మాటకు, మిగిలిన మూడింటికీ సిద్ధపడి ఉండవలెనని కూడా అర్థం. ఒకే పంటకు పొలమంతా అప్పగించకపోవడం, నేల చాలినంత నాననిదే గింజ పెట్టకపోవడం, కోతల కాలంలో తుపాను వార్తను దినదినమూ కనిపెట్టడం – ఇవన్నీ ఆ సిద్ధపాటులోనివే.

ఈ అర్థాన్ని ఊరికి చెప్పగలవాడు ఉపాధ్యాయుడు. సముద్ర ప్రవాహాల పాఠాన్ని పరీక్షకు కంఠస్థం చేయించి విడిచిపెట్టకుండా, మానేటి వాగు నుండి మొదలుపెట్టి బంగాళాఖాతం వరకు, అక్కడి నుండి పసిఫిక్ వరకు పటం మీద వ్రేలు పెట్టి నడిపించవచ్చును. బడి ఆవరణలో ఒక వానకొలత పాత్రను నిలిపి, ప్రతి ఉదయం ఒకే వేళకు విద్యార్థుల చేత కొలిపించి, కార్తెలవారీగా పుస్తకంలో వ్రాయించవచ్చును. దాని ప్రక్కనే ఆ వారం పత్రికలలో వచ్చిన ఎల్ నినో వార్తను, ద్విధ్రువ స్థితిని, బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనాన్ని గుర్తింపజేయవచ్చును. ఇందుకు పెద్ద వ్యయం అక్కరలేదు. తప్పిపోకుండా చేయడమే ముఖ్యం. పదేండ్లు నిండేసరికి ఆ పుస్తకంలో తమ ఊరి వాన ఎట్లు నడిచినదో ఆ ఊరివారికే లభిస్తుంది. దేశపు సగటు వారికి ఇయ్యలేని సమాచారం అది.

అక్షరజ్ఞానం అంతగా లేని తీరపు జాలరులు సీసాలతో నీరు పట్టి ఇచ్చి సముద్రంలోని నదిని లోకానికి చూపగలిగారు. చదువుకొన్న ఉపాధ్యాయులు, చదువుకొంటున్న విద్యార్థులు తమ ఊరి వానను కొలిచి వ్రాసి ఉంచలేరా? రానున్న మిరుగం నాడే ఈ పనికి శ్రీకారం చుట్టవలసినదిగా మన జిల్లాలోని పాఠశాలల పెద్దలను కోరుతున్నాను.